చిస్పా తీసుకుపోయిన ఆయాసం

మా వదిన ఒబ్దూలియా గురించి చెప్పాలంటే ముందు ఆమె ఊపిరి గురించి చెప్పాలి. మనిషి వీధి మలుపు తిరగకముందే ఊపిరి వినబడేది. పాత తలుపు సందులోంచి గాలి దూరినట్టు సన్నటి ఈల. ఆ ఈల వినగానే నేను కాఫీకి నీళ్ళు పెట్టేదాన్ని. ఆమె మా మెట్లెక్కి, కుర్చీలో కూలబడి, రెండు చేతులూ మోకాళ్ళకు ఆనించి, నోరు విప్పే స్థితికి వచ్చేసరికి కాఫీ తయారయ్యేది.

"నువ్వు మా తమ్ముడి కాపరానికి వచ్చినప్పటి నుంచీ చూస్తున్నా. నీ కాఫీ ఒక్కనాడైనా చిక్కగా ఉండదేమే నెరీదా?" ఊపిరి అందగానే ఆమె మొదటి మాట అది.

"ఊపిరి అందితే ముందు దేవుణ్ణి తలుచుకుంటారు ఎవరైనా. నువ్వు నా కాఫీని తిడతావు."

"దేవుడు కాఫీ పెట్టడు కదా, పెడితే ఆయన్నీ తిట్టేదాన్ని."

మా దీవి తూర్పు కొసన ఉన్న యబుకోవా ఊళ్ళో, మా కొండవాలు వీధిలో ఉబ్బసం లేని ఇల్లు వెతకాలి. మేమంతా దాన్ని ఆయాసం అనే అంటాం. మా చిన్నప్పుడు చెరకు తోటలు తగలబెట్టేవారు, ఆరేసిన బట్టల మీద నల్లటి మసి రాలేది. ఇప్పుడు తోటలు లేవు, మసి లేదు, ఆయాసం మాత్రం ఎక్కడికీ పోలేదు. ప్రతి వంటింట్లో పొయ్యి ఉన్నట్టు ప్రతి పడకగదిలో ఆవిరి మందు పట్టే మిషను ఉంటుంది. పిల్లలు ముక్కుకి ఆ ముసుగు పెట్టుకుని టీవీ చూస్తారు.

వదినకి పసితనంలోనే వచ్చింది. తమ్ముణ్ణి కంటూ తల్లి ప్రసవంలో పోయింది, తండ్రి చెరకు కొట్టేవాడు. పిల్ల రాత్రంతా కూర్చునే ఉండేదట. కలబంద గుజ్జు తేనెలో కలిపి పట్టారు, సొరచేప నూనె తాగించారు, వీపంతా విక్స్ రాశారు. చివరికి మేనత్త ఒకావిడ చిన్న చివావా కుక్కపిల్లని తెచ్చి ఒళ్ళో పెట్టింది. కొనకూడదు, ఎవరైనా ఇవ్వాలి. పిల్లతోనే పడుకోవాలి. పిల్ల వదిలిన ఊపిరి కుక్క పీలుస్తుంది, కొంచెం కొంచెంగా జబ్బంతా తనలోకి లాక్కుంటుంది, ఒకరోజు దాన్ని తీసుకుని వెళ్ళిపోతుంది. అది మా వాళ్ళ నమ్మకం. దాని పేరు మోనో. కొన్నేళ్ళు వదిన గుండెల మీదే పడుకుంది, దగ్గింది, ఈల వేసింది, చచ్చిపోయింది. ఆ తర్వాత వదినకి ఆయాసం రాలేదు. పరుగెత్తింది, కొండలెక్కింది, పండగల్లో తెల్లవార్లూ నాట్యం చేసింది.

ఈ కథ విన్న ఊపిరితిత్తుల డాక్టరమ్మ ఇలియానా, "చాలామంది పిల్లలకి ఆ ఈడు వచ్చేసరికి ఉబ్బసం దానంతటదే తగ్గుతుంది ఒబ్దూలియా గారూ. పెద్దయ్యాక మళ్ళీ రావచ్చు, మీకు వచ్చినట్టే" అంది.

వదిన బయటికొచ్చాక నాతో, "పాపం, మొన్న పుట్టిన పిల్ల. మోనోని తను చూసిందా ఏమన్నా?" అని నవ్వింది.

మళ్ళీ రావడం మాత్రం నలభై దాటాక వచ్చింది, వడ్డీతో సహా. అప్పటికామె బడిలో వంటమనిషి. ఆమె వండిన కందికాయల అన్నం తిన్న పిల్లలు పెద్దవాళ్ళై, పెళ్ళిళ్ళై, ఇప్పటికీ దారిలో ఆపి ఆ వాసన గురించి మాట్లాడతారు. ఆ వంటింటి ఆవిరే ఆమెకి పడలేదు. పెద్ద గరిటె తిప్పుతూ తిప్పుతూ గోడకి ఆనుకునేది. ఒకసారి బియ్యం బస్తాల పక్కన పడిపోతే పిల్లలే అంబులెన్సు పిలిపించారు. ఉద్యోగం మానిపించారు. ఆమె ఏడ్చింది ఆయాసానికి కాదు, ఆ గరిటె ఇంకెవరి చేతికో ఇవ్వాల్సి వచ్చినందుకు.

స్టెరాయిడ్ మాత్రలు మొదలయ్యాయి. అవి ఊపిరి ఇస్తాయి, మిగతావన్నీ పట్టుకుపోతాయి. సన్నగా కోలగా ఉండే మొహం పౌర్ణమి చంద్రుడిలా ఉబ్బిపోయింది. చక్కెర జబ్బు పట్టుకుంది. అరటికాయల గెల ఎత్తబోతే మణికట్టు పుటుక్కున విరిగింది. సూదిలో దారం ఎక్కించలేక చేతులు వణికేవి. కోపం మాత్రం ఇంతకు ఇంతైంది. అద్దం ముందు నిలబడి, "ఈవిడెవరే నెరీదా? మనింటికొచ్చి వెళ్ళడం లేదు" అనేది. నేను నవ్వేదాన్ని. ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చేదాన్ని.

మా వీధిలోనే వెంచో ఉంటాడు, ప్యాసింజర్ వ్యాను నడుపుతాడు. అతనిదీ మొండి ఉబ్బసమే. మెడలో తాడుకి మందు పీల్చే నీలం పంపు వేలాడుతూ ఉంటుంది, మిగతావాళ్ళకి సిలువ ఉన్నట్టు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా ఒక పీల్పు. అది ఊపిరి గొట్టాల్ని కాసేపు తెరుస్తుందే గానీ లోపలి వాపు తగ్గించదు, వాపుకి రోజూ వేసుకునే పంపు వేరే ఉంది, అది మానకు నాయనా అని డాక్టరమ్మ ఎన్నిసార్లు చెప్పిందో.

"అది పీలిస్తే ఏమీ తెలీదండీ. ఏమీ తెలీని మందు మందెలా అవుతుంది?" అనేవాడు వెంచో. చెప్పి చెప్పి ఆవిడ నోరు నొప్పెట్టింది.

ఇక వదిన మనవరాలు నాషాలి. కూతురు మిగ్దాలియా కూతురు. మిగ్దాలియా ఉమకావో దగ్గర మందుల ఫ్యాక్టరీలో షిఫ్టుల్లో పనిచేస్తుంది, మొగుడు ఎప్పుడో ఎటో పోయాడు. పిల్ల అమ్మమ్మ దగ్గరే పెరిగింది. అమ్మమ్మ కళ్ళు, అమ్మమ్మ మొండితనం, అమ్మమ్మ ఆయాసం మూడూ వచ్చాయి. మాటిమాటికీ ఎమర్జెన్సీకి పరుగులు. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంటలు పడి, ముక్కుపుటాలు అదురుతూ ఉంటే చూసిన వాళ్ళకి తిండి సయించదు. డాక్టరమ్మ పిల్లకి పొద్దునా రాత్రీ పీల్చే పంపూ, ఆయాసం ఎగదోస్తే పీల్చే నీలం పంపూ రాసింది, పెద్ద ప్లాస్టిక్ గొట్టంలోకి కొట్టి పీల్పించాలి. వదినకి మాత్రలు తగ్గించడానికి నెలనెలా ఒక కొత్త ఇంజెక్షన్ రాసింది. అదే ఇంజెక్షన్ వెంచోకీ మొదలుపెట్టారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మౌనాబోలో ఉన్న బంధువు ఒకామె చిస్పాని తెచ్చి నాషాలి చేతిలో పెట్టింది. వదినే కబురు పెట్టి అడిగించుకుంది, నాకు తెలుసు. దాల్చినచెక్క రంగు, గుప్పెడంత ఒళ్ళు, బల్లెం మొనల్లాంటి చెవులు, దాని మొహంలో కళ్ళు తప్ప ఏమీ లేవు.

"ఇదా? ఇంత పురుగు ఇంటిల్లిపాది జబ్బూ మోస్తుందా?" అన్నాను.

"నువ్వు నోరు ముయ్యవే. మోనో దీనికంటే చిన్నది."

డాక్టరమ్మకి కుక్క సంగతి తెలిసింది. పిల్లకి పరీక్షలు చేయించింది. కుక్క బొచ్చు పడకపోవడమేమీ లేదని తేలాక, "ఉండనీండి. పిల్లకి ముద్దుగా ఉంది. కానీ పంపు మానకండి. కుక్క కుక్కే, మందు మందే" అంది. వదిన బుద్ధిగా తలూపింది. ఆమె బుద్ధిగా తలూపితేనే నాకు అనుమానం.

కొన్ని నెలలకి వదిన ఈల ఆగిపోయింది. ఒకరోజు మా మెట్ల మీద మనిషి నిలబడి ఉంటే ఎవరా అని ఉలిక్కిపడ్డాను, కాఫీకి నీళ్ళు కూడా పెట్టలేదు. చేతిలో సంచులతో కొండెక్కి వచ్చింది, కూనిరాగం తీస్తూ. మాత్రలు తగ్గాయి, ఆ మొహం మళ్ళీ ఆమె మొహమైంది. నాషాలి బడిలో నాట్యంలో చేరింది. వెంచోకి మాత్రం ఆ ఇంజెక్షన్ పిసరంత పని చేయలేదు. అందరి ఉబ్బసం ఒకటి కాదని, ఒక్కొక్కరి రక్తంలో ఒక్కో కారణం ఉంటుందని, అతనికి వేరే దారి చూస్తానని డాక్టరమ్మ చెప్పింది.

"చూశావుటే నెరీదా! అదే సూది వెంచోకీ వేశారు. వాడికెందుకు తగ్గలేదు?" అంది వదిన, పట్టరాని సంతోషంతో.

"ఎందుకో ఆవిడ చెప్పింది కదా."

"వాడింట్లో కుక్క లేదు! ఒక్క కుక్క మా ఇద్దరి ఆయాసమూ లాగేస్తోంది. మోనోకి నేనొక్కదాన్నే. దీని ఓపిక చూడు."

ఆమె అంత సంతోషంగా ఉంటే వాదించబుద్ధి కాలేదు.

ఆ మరుసటి ఏడు చిస్పా దగ్గడం మొదలుపెట్టింది. బాతు అరిచినట్టు దగ్గు. పశువుల డాక్టరు చూసి ఇంత చిన్న జాతి కుక్కలకి గొంతు గొట్టం మెత్తబడి నొక్కుకుపోవడం మామూలే, వయసు కూడా మీదపడిందన్నాడు. ఇచ్చేటప్పటికే అది ముసలిదని అప్పుడు గానీ మాకు తెలియలేదు. వదిన ఆయన మాట చెవిన పెట్టలేదు. కోడి పులుసు చల్లార్చి చెంచాతో తాగించేది. చిస్పా పక్కటెముకలు ఎగసి ఎగసి పడుతుంటే చూసి కళ్ళు తుడుచుకుంటూనే నవ్వేది. రెండూ నిజమైన భావాలే, అందుకే నాకు భయమేసింది.

"అమ్మమ్మా, దీనికి నొప్పిగా ఉందా?" అని అడిగింది నాషాలి ఒకరోజు, నా ఎదుటే.

"నీ బదులు అది పడుతోంది తల్లీ. దాని రుణం మనం తీర్చుకోలేం."

మర్నాడు పడుకునే ముందు పిల్ల చిస్పాని వంటింట్లో పెట్టి తలుపేసిందట. అది తలుపు గీకుతూ ఏడుస్తుంటే వదిన తీసి మళ్ళీ పిల్ల గుండెల మీద పెట్టింది. పిల్లకి కుక్క మీద విసుగు పుట్టిందని వదిన నాతో చెప్పుకుని బాధపడింది. ఇద్దరమూ అదే అనుకున్నాం.

ఈస్టరుకి ముందు ఉపవాసాల రోజుల్లో చిస్పా పోయింది. పెరట్లో సీమపనస చెట్టు కింద, మంచి తువ్వాలులో చుట్టి పాతిపెట్టారు. మిగ్దాలియా డ్యూటీలో ఉంది. నేను పూలు తీసుకెళ్ళేసరికి మట్టి కప్పేసింది వదిన. పారకి ఆనుకుని నిలబడి, "అంతా పట్టుకెళ్ళిపోయింది. ఇక ఈ ఇంట్లో ఆ జబ్బు పేరెత్తకూడదు. పేరెత్తితే పిలిచినట్టు. ఏడాది గడిచేదాకా ఎవరూ అనొద్దు" అంది. నాషాలి పక్కనే నిలబడి ఆ మట్టినే చూస్తోంది. పిల్లకి దుఃఖంలే అనుకుని దాన్ని మా ఇంటికి తీసుకెళ్ళి అరటికాయ వేపుడు పెట్టాను.

ఆ తర్వాతి నెలల్లో ఇంజెక్షన్ రోజు వచ్చినప్పుడల్లా వదిన ఏదో ఒకటి చెప్పేది. డాక్టరమ్మ ఊళ్ళో లేదట అనో, మందు రాలేదట అనో. కొండ దిగి వెళ్ళడమూ రావడమూ మానేసింది. మొన్నటిదాకా మెట్లెక్కి వచ్చి నా కాఫీని తిట్టిన మనిషి, "నువ్వే రావే" అని కబురు పెట్టడం మొదలుపెట్టింది. వెళితే కుర్చీలోంచి లేచేది కాదు. "ఏంటి వదినా, ఊపిరి మళ్ళీ..." అనబోతే చెయ్యెత్తి నా నోటికి అడ్డం పెట్టింది. పేరెత్తకూడదట.

జూన్‌లో ఆఫ్రికా ఎడారి దుమ్ము వచ్చింది. ప్రతి ఏడూ సముద్రం దాటి వస్తుంది, ఈసారి దట్టంగా వచ్చింది. ఆకాశం పాలు కలిపిన నీళ్ళలా అయింది, ఎదురుగా ఉన్న కొండ కనబడకుండా పోయింది, కార్ల మీద వేలితో పేర్లు రాయొచ్చు. ఊళ్ళో ఎమర్జెన్సీ వరండాలో కూడా జనమే అని వెంచో చెప్పాడు. బడికి సెలవులు. మిగ్దాలియా పగటి షిఫ్టులో ఉంది. మధ్యాహ్నం కరెంటు పోయింది. మా దగ్గర కరెంటు పోవడం వార్త కాదు, ఫ్రిజ్‌లో చికెన్ పాడవుతుందని వదిన దగ్గర ఐసు ఉందేమో అడుగుదామని వెనకదారిన వెళ్ళాను.

పెరటి మెట్టు మీద నాషాలి కూర్చుని ఉంది. ముందుకి వంగి, చేతులు మోకాళ్ళ మీద, భుజాలు చెవుల దాకా. గొంతు కింద గుంట ఊపిరి ఊపిరికీ లోపలికి పోతోంది. పెదాలు బూడిద రంగులో ఉన్నాయి. అమ్మమ్మ కూర్చునే తీరే అచ్చంగా.

"ఏమైందే?"

"బాగానే... ఉన్నా."

ఒక్కో మాటకి ఒక్కో ఊపిరి. చెవి పెట్టి విన్నాను. ఈల లేదు. పూర్వం మేము ఈల లేకపోతే తగ్గిందని సంతోషపడేవాళ్ళం. లోపల గాలే ఆడనప్పుడు ఈల ఎక్కడినుంచి వస్తుంది? "వదినా! పంపు పట్రా! త్వరగా!" అని కేక పెట్టాను.

వదిన తలుపు పట్టుకుని వచ్చింది. ఆమెకీ ఊపిరి ఎగదోస్తోంది. మనవరాలిని చూసి అక్కడే నిలబడిపోయింది.

"పంపు ఏదీ?"

"లేదు."

"లేదంటే? గొట్టం ఏదీ, పంపు ఏదీ?"

"చిస్పాతో పాతిపెట్టాను." ఆమె చూపు సీమపనస చెట్టు వైపు వెళ్ళింది. "జబ్బుతో పాటు దాని వస్తువులూ పోవాలి. మోనో పోయినప్పుడు మా మేనత్త అలాగే చేసింది."

నాకు చెయ్యి లేవబోయింది. నాకంటే పెద్దది, నా మొగుడి తోడబుట్టింది, అయినా లేవబోయింది. కొట్టడానికి తీరిక లేక కొట్టలేదు. మిషను గదిలోనే ఉంది, కరెంటు లేదు. పిల్లని ఎత్తుకుని వీధిలోకి పరిగెత్తి "వెంచో!" అని అరిచాను. భోజనానికని వచ్చిన వ్యాను అతని ఇంటి ముందే ఉంది, అది దేవుడి దయ.

వెంచో మెడలో తాడు తీసి నీలం పంపు నా చేతిలో పెట్టాడు. గొట్టం లేకుండా పిల్ల సరిగ్గా పీల్చలేకపోయింది, సగం మందు నోట్లోంచి పొగలా బయటికొచ్చింది. మళ్ళీ కొట్టాను, మళ్ళీ కొట్టాను. వెంచో హారన్ మీద చెయ్యి తియ్యకుండా కొండ దిగాడు. ఆ దుమ్ములో అతనికీ ఊపిరి పట్టేసింది. స్టీరింగ్ మీదకి వంగి దగ్గుతున్నాడు.

"నువ్వొకటి పీల్చరా నాయనా, వ్యాను లోయలో పడేస్తావు!"

"దానికే... ఇవ్వండి పిన్నీ. నాకు... అలవాటే."

వెనక సీట్లో వదిన. వస్తానని అడగలేదు, వద్దని నేనూ అనలేదు.

ఆస్పత్రిలో పిల్లని చేతుల్లోంచి లాక్కున్నట్టే తీసుకున్నారు. ఆక్సిజన్, ఆవిరి మందు ఆపకుండా, చేతికి సూది, అందులోంచి మందు. గొంతులోకి గొట్టం వెయ్యాల్సి వస్తుందేమోనని అన్నీ సర్ది పక్కన పెట్టుకున్నారు. నేను గోడకి ఆనుకుని నిలబడి జపమాల లేకుండానే జపం చేశాను. చీకటి పడకముందే పిల్ల ఛాతీలో ఈల మొదలైంది. ఆ ఈల విని డ్యూటీ డాక్టరు "హమ్మయ్య" అన్నాడు. జన్మలో మొదటిసారి నేను ఆ చప్పుడికి సంతోషించాను.

మిగ్దాలియా ఫ్యాక్టరీ టోపీ నెత్తి మీద ఉండగానే వచ్చిపడింది. సంగతి తెలిశాక తల్లి వైపు తిరిగి, "రోజంతా నిలబడి ఊరందరి మందులూ డబ్బాల్లోకి ఎత్తుతున్నానమ్మా నేను. నా కూతురి మందు నువ్వు కుక్కతో పాతిపెట్టావా?" అంది. అరవలేదు. అరిచినా బాగుండేది.

మర్నాడు పిల్లని వార్డులోకి మార్చారు. ముక్కుకి సన్నటి గొట్టం, కళ్ళ కింద నీలం, కానీ జ్యూసు అడిగిందట. ఆ మాట వినగానే వదిన లేచింది. ముందు రోజు నుంచీ వరండాలో కుర్చీలోనే ఉంది, మంచినీళ్ళు తప్ప ఏమీ పుచ్చుకోలేదు. గోడ పట్టుకుంటూ మంచం దాకా నడిచి, "నా బంగారు తల్లీ" అంటూ వంగి పక్కన చోటు చూసుకుని ఒరగబోయింది.

నాషాలి రెండు చేతులతోనూ ఆమెని తోసేసింది. "వద్దు! రావద్దు! ఆవిణ్ణి పంపెయ్యండి!"

వదిన మొహం చూడలేకపోయాను. మిగ్దాలియా కిటికీ వైపు తిరిగిపోయింది. వదిన మెల్లగా వెనక్కి నడిచి వరండాలో కూర్చుంది. "పిల్లకి తెలిసిపోయిందే. చంపబోయింది నేనేనని దానికి తెలిసిపోయింది" అంది నాతో. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఆ ముక్కలు ఏరుకుంటూ అంది.

కోపం ఉన్నమాట నిజమే, కానీ ఆ ఇంట్లో ఆ ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణమని నాకు తెలుసు. లోపలికెళ్ళి పిల్ల తల నిమిరాను. "అమ్మమ్మ మీద కోపమొచ్చిందా తల్లీ? పంపు పాతిపెట్టిందనా?"

పిల్ల అడ్డంగా తలూపింది. "పంపు సంగతి నాకు ముందే తెలుసు."

"తెలుసా? మరి అమ్మకి చెప్పలేదేం?"

"చెబితే మళ్ళీ మందు తెస్తారు. అప్పుడు చిస్పా తీసుకుపోయినది తిరిగొచ్చేస్తుంది కదా. చిస్పా అంత కష్టపడింది. అందుకని దగ్గు వస్తే దిండు నోటికి అడ్డం పెట్టుకున్నా." ఆగి ఊపిరి తీసుకుంది. "నెరీదమ్మమ్మా, అమ్మమ్మ ఊపిరి విన్నావా? అచ్చం చిస్పాలాగే వస్తోంది. నాది తీసుకుంటోంది. పక్కన పడుకుంటే అంతా తీసేసుకుంటుంది. చచ్చిపోతుంది."

ఆ పిల్ల కుక్కని వంటింట్లో పెట్టి తలుపెందుకు వేసిందో నాకు అప్పుడు అర్థమైంది.

వరండాలోకి వచ్చి వదినకి విన్నది విన్నట్టు చెప్పాను. ఇంజెక్షన్లు మానేసిన ఆమె ఛాతీ ఎగసిపడుతోంది. నర్సు వచ్చి ఆవిరి ముసుగు పెట్టుకొమ్మంటే ఆగమని సైగ చేసింది.

"నెరీదా, మోనో లేకపోతే నేను లేనే."

"నువ్వలా అనుకున్నావు."

"అనుకోవడం కాదు. నాకు తెలుసు. అమ్మ లేదు, నాన్న చేలో. నా గుండెల మీద అదొక్కటే ఉండేది."

ఆమె లేచింది. ఈసారి గోడ పట్టుకోలేదు, నా భుజం పట్టుకుంది. మంచం కాళ్ళ దగ్గర, పిల్లకి దూరంగా నిలబడింది.

"నాషాలి. విను. నేనేమీ తీసుకోవడం లేదు. నా ఊపిరి ఇలా ఉందంటే నా ఇంజెక్షన్ నేను మానేసినందుకు. అది నా పొగరు. నీ జబ్బు ఎవరూ తీసుకోలేరు. కుక్కలు తీసుకోవు. మనుషులు తీసుకోరు. నీకు మందే దిక్కు."

"చిస్పా తీసుకుంది కదా?"

"లేదు. చిస్పా ముసలిదైపోయింది. దాని గొంతు పాడైంది. డాక్టరు చెప్పాడు, నేను వినలేదు."

పిల్ల ఆమెనే చూసింది. "మరి నీ మోనో?"

వదిన నా భుజం మీది చెయ్యి బిగించింది, ఎముక నొప్పెట్టేంతగా. యాభై ఏళ్ళుగా ఈ ఆడమనిషి పూజించుకున్నది ఒకే ఒక్కటి. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పింది, చర్చి ఫాదరుకి చెప్పింది, డాక్టరమ్మతో వాదించింది. ఇప్పటికీ నమ్ముతోందని ఆ చేతి బిగువే నాకు చెప్పింది.

"అదీ అంతే తల్లీ. దానికేదో జబ్బు చేసింది, చచ్చిపోయింది. నేను పెద్దదాన్నయ్యాను, నాది తగ్గింది. అంతే."

నాషాలి పక్కకి జరిగి చోటిచ్చింది. వదిన మంచం మీద కూలబడింది. పిల్ల ఆమె ఛాతీ మీద చెవి పెట్టి ఆ ఈల కాసేపు విన్నది. తర్వాత తలెత్తకుండానే, "అయితే అమ్మమ్మా, చిస్పా ఊరికే చచ్చిపోయిందా?" అంది.

"అవునమ్మా. ఊరికే."

అప్పుడు ఏడ్చింది నాషాలి. ఆ పిల్ల కుక్క కోసం ఏడవడం నేను చూడ్డం అదే మొదటిసారి. వదిన కూడా ఏడ్చింది, ఏ కుక్క కోసమో నేను అడగలేదు. నర్సు ముసుగు పట్టుకుని పరిగెత్తుకొచ్చి, ఏడిస్తే ఊపిరి ఎగదోస్తుంది, ఇద్దరూ ఆపండని కోప్పడింది. ఇద్దరిలో ఒక్కరూ వినలేదు.